చదరంగం గళ్ళలో వడ్లగింజలు: 18446744073709551615ను చేత్తో విడగొట్టడం ఎట్లా

తమ్మీ, చదివే అందరికీ సంగతి తెలియాలి కాబట్టి ముందు నీ ప్రశ్న నాలుగు ముక్కల్లో చెప్తున్న. కల్వకుర్తి దగ్గర ఒక హైస్కూల్లో నువ్వు లెక్కలు చెప్తున్నవు. పిల్లలకు చదరంగం కథ చెప్పినవు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళు. మొత్తం 2⁶⁴ − 1, అంటే 18446744073709551615 గింజలు. వెనుక బెంచీ పిల్లగాడొకడు "దీనికి కారణాంకాలు ఏంటివి సార్" అన్నడు. 3 పోయింది, 5 పోయింది, 17 పోయింది. 72340172838076673 దగ్గర బండి ఆగింది. 97 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోలేదు. ఫోన్లో కొట్టి చూస్తే మొదటి సంఖ్యే 18446744073709552000 అని వచ్చింది, సరిసంఖ్య లాగ కనబడ్డది. ఇప్పుడు ఆ మిగిలినది ప్రధాన సంఖ్యా, కాదా, కంప్యూటర్ లేకుండా తేలుతుందా అని అడిగినవు.

తేలుతుంది. ఒక పూట పని. కాకపోతే నువ్వు పట్టిన దారి కాదు.

ముందు ఫోన్ సంగతి. చాలా ఫోన్లలో ఉండే మామూలు క్యాలిక్యులేటర్ ఇంత పెద్ద సంఖ్యలో మొదటి పదహారు, పదిహేడు అంకెలే నమ్మకంగా దాచుకుంటది. మిగతా చోట్ల సున్నాలు పెట్టి చేతులు దులుపుకుంటది. స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే ఇంకా అన్యాయం, 15 అంకెలు దాటితే అన్నీ సున్నాలే, 18446744073709600000 అని చూపిస్తది. సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నది చివరి అంకె చెప్పే మాట. ఆ చివరి అంకెనే పారేసిన యంత్రాన్ని ఆ మాట అడిగి లాభం లేదు. పూర్తి అంకెలు కావాలంటే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో 2**64-1 అని కొట్టు. లేదంటే కాయితం, పెన్ను.

చేత్తో రాసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఇరవై అంకెలు బోర్డు మీద ఎక్కించేటప్పుడు పక్కపక్క అంకెలు రెండు తారుమారైతయి. నాకు ఎన్నిసార్లో అయింది. అంకెల మొత్తం చూసుకుంటే ఇది దొరకదు, ఎందుకంటే తారుమారైనా మొత్తం మారదు. ఇక్కడ మొత్తం 87, అది 3తో పోతుంది, 9తో పోదు. అంతవరకు బాగానే ఉంది. కానీ తప్పును పట్టాలంటే 11 సూత్రం కావాలి. పక్కపక్క అంకెలు మారితే అది తప్పకుండా పట్టుకుంటది. నేను మాత్రం ఒక్క దెబ్బకు మూడు పిట్టలు కొట్టే పద్ధతి వాడత. 7 × 11 × 13 = 1001 కదా. కుడి నుంచి మూడేసి అంకెలు గుంపులు చేసి, ఒకటి కలిపి ఒకటి తీసెయ్యి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

ఈ 1016ను 7తో భాగిస్తే శేషం 1, 11తో అయితే 4, 13తో అయితే 2. అంటే మూడింటితోనూ పోదు. ఇంకో దారిలో సరిచూడు: 2³ను 7తో భాగిస్తే శేషం 1. 64 అంటే 3 × 21 + 1. కాబట్టి 2⁶⁴కు శేషం 2, ఒకటి తీసేస్తే 1. 11తో కూడా ఇట్లానే చూస్తే 4 వస్తది. రెండు దారులూ ఒక్క చోటికే వచ్చినయి. బోర్డు మీద రాసింది కరెక్టే అని ధైర్యం.

అంకెలు తప్పిపోతయన్న భయం మన పాతవాళ్ళకూ ఉండేది. లెక్కలను తెలుగు పద్యాల్లో రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లన పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యమొకటి ఈ సంఖ్యనే చెప్తది. శర, శశి, షట్క, చంద్ర అని మొదలవుతది. శరాలు మన్మథుడివి అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు మళ్ళీ ఒకటి. కుడి నుంచి ఎడమకు పెట్టుకుంటూ పోతే 1615 వచ్చింది చూడు, అదే మన సంఖ్య తోక. వృత్తంలో పద్యం కాబట్టి మాట తారుమారైతే చాలాసార్లు నడక కుంటుతది, చదివేవాడికి తెలుస్తది. పిల్లలకు ఈ పద్యం తప్పకుండా చూపించు. తెలుగు సార్‌ను కూడా ఆ పీరియడ్‌కు పిలువు.

ఇక అసలు విషయం. 97 దాకా వచ్చి ఆగిన అన్నవు. ఇంకో ముప్పై భాగహారాలు ఓపిక పట్టి ఉంటే 257 తగిలేది. మొండిగా పోతూనే ఉంటే తర్వాత 641, ఆ తర్వాత 65537, అక్కడితో పని అయిపోయేది. కానీ 65537 అంటే వరుసలో 6543వ ప్రధాన సంఖ్య. దీనికి ముందు 6542 భాగహారాలు! పైగా ఇది మన అదృష్టం. ఆ మిగిలిన పదిహేడంకెల సంఖ్య నిజంగానే ప్రధాన సంఖ్య అయ్యుంటే, దాని వర్గమూలం దాకా, అంటే 26 కోట్లు దాటేదాకా వెళ్ళాలి. ఆ లోపల ప్రధాన సంఖ్యలు కోటీ నలభై లక్షల పైనే. నిమిషానికి ఒకటి చొప్పున, రాత్రింబవళ్ళు, నిద్ర లేకుండా చేసినా పాతికేళ్ళు దాటుతది. నా సర్వీసంతా అందులోనే పోయేది.

అందుకే నేనెప్పుడూ ఒకటే చెప్త: పెద్ద సంఖ్య కనబడంగనే భాగించడం మొదలుపెట్టకు, అది ఎట్లా పుట్టిందో అడుగు. ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ ఇరవై అంకెలు కాదు, 2⁶⁴లోంచి ఒకటి తీస్తే వచ్చింది. 2⁶⁴ అంటే 2³² వర్గం, 1 అంటే 1 వర్గం. రెండు వర్గాల తేడా అంటే మొత్తాన్ని తేడాతో గుణించడమే అని నీ ఎనిమిదో తరగతి పిల్లలకు నువ్వే చెప్తున్నవు. మరి వాడు:

2⁶⁴ − 1 = (2³² − 1) × (2³² + 1)

ఆ 2³² − 1 మళ్ళీ వర్గాల తేడానే. దాన్ని విడగొట్టు. అందులోంచి 2¹⁶ − 1 వస్తది, దాన్నీ విడగొట్టు. ఉల్లిగడ్డ పొరలు తీసినట్టు తీసుకుంటూ పోతే చివరికి మిగిలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఆరు గీతల్లో అయిపోయింది. భాగహారం ఒక్కటి కూడా లేదు. నువ్వు ఆగిపోయిన 72340172838076673 అంటే చివరి మూడింటి లబ్ధం. 257తో భాగిస్తే 281479271743489, దాన్ని 65537తో భాగిస్తే సరిగ్గా 4294967297. నమ్మకం కోసం ఒకసారి చేసి చూడు.

ఇప్పుడు ఈ ఆరింటిలో ఏవి ప్రధాన సంఖ్యలు? మొదటి నాలుగూ చూస్తేనే తెలుస్తయి. 65537 కూడా ప్రధాన సంఖ్యే, ఎందుకో కింద చెప్త. చివరిది, 4294967297, అది గొడవ.

ఈ గొడవలో నేను పడ్డ. తొంభైలలో దేవరకొండ వైపు ఒక ఊరి బడిలో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదో తరగతికి ఇదే లెక్క చెప్పి, ఆ ఆరూ ప్రధాన సంఖ్యలే అని ధీమాగా అనేసిన. నేనొక్కన్నే కాదు, ఫ్రాన్స్ దేశపు లాయర్ ఫెర్మా, అంతటి గణితవేత్త, 1640లో ఇదే అనుకున్నడు. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలైనయి కాబట్టి ఈ వరుసలో తర్వాతవి కూడా అట్లానే ఉంటయని ఆయన ఊహ. నేను ఊహ కూడా కాదు, ఎక్కడో చదివింది సగం గుర్తుపెట్టుకొని చెప్పిన.

బతుకమ్మ సెలవులయిపోయినయి. బడి తెరిచిన రోజు ఒక పిల్ల నోట్‌బుక్ పట్టుకొని స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడ్డది. "సార్, ఇది 641తోని పోతుంది సార్" అన్నది. నేను నవ్విన. నోట్‌బుక్ తెరిచి చూస్తే పేజీ పేజీకి భాగహారాలు. 2తో మొదలుపెట్టి, 3, 5, 7, 11... చివరి అంకె చూస్తేనే తెలిసే 2నూ, 5నూ కూడా వదలకుండా చేసింది. పదంకెల సంఖ్యను వరుసగా ప్రతి ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ వచ్చింది. కొట్టివేతలు, మధ్యలో నూనె మరక, ఒక చోట పెన్ను మారింది. చివరి పేజీలో 641, కింద భాగఫలం 6700417, శేషం సున్నా, దాని చుట్టూ గుండ్రంగా గీత. నేను అక్కడే నిలబడి గుణించి చూసిన:

6700417 × 600 = 4020250200
6700417 × 40 = 268016680
6700417 × 1 = 6700417
మొత్తం 4294967297

కుర్చీలో కూర్చున్న. తర్వాత లెక్కపెడితే 641 వరుసలో 116వ ప్రధాన సంఖ్య. నూట పదహారు భాగహారాలు! మన దగ్గర కట్నం చదివించినా, సంభావన ఇచ్చినా నూట పదహార్లే కదా. ఆ రోజు నా జేబులోంచి నూట పదహారు రూపాయలు తీసి క్లాసు ముందే ఆ పిల్ల చేతిలో పెట్టిన. బోర్డు మీద నేను రాసింది నేనే తుడిచేసిన.

అదే 641ను స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్ 1732లో పట్టుకున్నడు. ఆయన తర్వాత రాసి పెట్టిన పద్ధతిలో పోతే నూట పదహారు కాదు, అయిదో ప్రయత్నంలోనే దొరుకుతది. అది ఎట్లాగో అర్థం చేసుకుంటే నీ ప్రశ్నకు పూర్తి జవాబు దొరికినట్టే, కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా పోదాం.

చిన్న సంఖ్యతో మొదలుపెడదాం. 2ను రెట్టింపు చేసుకుంటూ పోయి ప్రతిసారీ 17తో భాగించి శేషం రాయి: 2, 4, 8, 16, 15, 13, 9, 1. ఎనిమిదో అడుగులో 1 వచ్చింది. తర్వాత మళ్ళీ 2, 4, 8... గానుగెద్దు లెక్క అదే చుట్టు. చుట్టు పొడుగు 8. 17లోంచి ఒకటి తీస్తే 16, అందులో 8 సరిగ్గా రెండుసార్లు ఇముడుతది. ఇది 17కు మాత్రమే కాదు. ఏ బేసి ప్రధాన సంఖ్యతో భాగించినా 2 ఘాతాల శేషాలు చుట్టు తిరుగుతయి, ఆ చుట్టు పొడుగు ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే వచ్చేదాన్ని నిశ్శేషంగా భాగిస్తది. ఇది కూడా ఫెర్మా మాటే. అది ఊహ కాదు, నిరూపణ ఉన్న సిద్ధాంతం.

ఇప్పుడు ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తుందనుకో. అంటే దానితో భాగించినప్పుడు 2³²కు శేషం −1, అంటే ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువ. వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. చుట్టు 64 అడుగులకు పూర్తయింది, 32కు కాలేదు. 64 భాజకాల్లో 64 తప్ప మిగతావన్నీ 32ను భాగించేవే, కాబట్టి చుట్టు పొడుగు సరిగ్గా 64. అంటే ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీస్తే 64తో పోవాలి. అది 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి. వేరే ఏదీ పనికిరాదు.

అట్లాంటివి రాయి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. నాలుగు తప్పినయి, అయిదోది తగిలింది. 1878లో లూకా అనే ఇంకో ఫ్రెంచాయన దీన్ని ఇంకా బిగించిండు. 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలపాలని నిరూపించిండు. అప్పుడు మిగిలేవి 257, 641. పొరలు తీసిన సంఖ్యల్లో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి 257ను చూడక్కరలేదు. మొదటి దెబ్బకే 641!

ఆ పరీక్ష కూడా పదంకెల భాగహారం అక్కరలేదు. శేషాలతో వర్గాలు చేసుకుంటూ పో:

2⁸ = 256
2¹⁶ అంటే 256 వర్గం, 65536. దీన్ని 641తో భాగిస్తే శేషం 154
2³² అంటే 154 వర్గం, 23716. దీని శేషం 640

640 అంటే 641కి ఒకటి తక్కువ. దానికి ఒకటి కలిపితే పోతుంది. అయిపోయింది. ఆ పిల్లకు సెలవులన్నీ పట్టిన పని మూడు గీతల్లో తేలింది. అయినా నన్ను అడిగితే ఆ నోట్‌బుక్కే గొప్పదంట. మూడు గీతలు నాకు పుస్తకం చెప్పింది. నా మాట నమ్మకుండా చేసి చూడాలని ఆ పిల్లకు ఎవ్వరూ చెప్పలేదు.

మరి 6700417 ప్రధాన సంఖ్యేనా? దాని వర్గమూలం 2588 దాటుతది. మామూలుగా అయితే 2588 లోపలి ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి. లూకా సూత్రం ఉంది కాబట్టి 128 గుణిజానికి ఒకటి కలిపినవే చూడాలి. ఆ లోపల అట్లాంటి ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. భాగిస్తే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. కాబట్టి ప్రధాన సంఖ్యే. 65537కు ఇంకా సుఖం. అది 2¹⁶ + 1 కాబట్టి అదే సూత్రం ప్రకారం అక్కడ 64 గుణిజానికి ఒకటి కలపాలి, వర్గమూలం 256 లోపల చూడాలి. 65, 129 ప్రధాన సంఖ్యలు కావు. మిగిలింది 193 ఒక్కటే. భాగిస్తే శేషం 110. ఒక్క భాగహారంతో 65537 ప్రధాన సంఖ్య అని తేలింది.

కాబట్టి నీ పిల్లగాడికి జవాబు:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు. భాజకం తయారుచేయాలంటే ఒక్కో కారణాంకాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. రెండు చొప్పున ఏడుసార్లు, మొత్తం 128 భాజకాలు. ఏడు అనేది ఈ సైజు సంఖ్యకు ఎక్కువే. ఇంగ్లండ్ గణితవేత్త హార్డీ, మన రామానుజన్ కలిసి 1917లో చెప్పిన లెక్క ప్రకారం ఇరవై అంకెల సంఖ్యకు మామూలుగా వేర్వేరు ప్రధాన కారణాంకాలు నాలుగు అటూ ఇటూగా ఉంటయి. ఫెర్మా చూసిన ఆ వరుసలోవాటిని ఫెర్మా సంఖ్యలంటరు. వాటిలో మొదటి అయిదింటిని, అంటే 3, 5, 17, 257, 65537ను, గుణిస్తే 4294967295. వృత్తలేఖిని, స్కేలు మాత్రమే పట్టుకొని గీయగల క్రమ బహుభుజుల్లో, బేసి భుజాలున్న వాటిలో, మనకు తెలిసినంతలో అన్నిటికన్నా పెద్దదానికి ఉండే భుజాలు ఇన్నే. ఈ దారి తెరిచింది జర్మనీ గణితవేత్త గౌస్, 1796లో, ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే పదిహేడు భుజాల దానితో.

గింజల బరువెంత అని పిల్లలు తప్పకుండా అడుగుతరు. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు అనుకుంటే మొత్తం దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండే వడ్లు 80 కోట్ల టన్నులు అటూ ఇటూగా. దాదాపు నాలుగు వందల యాభై ఏళ్ళ పంట. మిర్యాలగూడ మిల్లులన్నిటికీ ఎన్ని తరాల పని అవుతదో వాళ్ళనే లెక్క వేయమను.

ఒక్క హెచ్చరిక. ఇంత సులువుగా విడిపోయింది చూసి పెద్ద సంఖ్యలన్నీ ఇట్లానే అనుకోవద్దు. మన సంఖ్యకు రెండు కలిపి చూడు: 18446744073709551617. ఇది 2⁶⁴ + 1. దీనికి పొరలు లేవు. దీన్ని విడగొట్టిన లాండ్రీ అనే ఆయనకు 1880లో ఎనభై రెండేళ్ళు. జవాబు 274177 × 67280421310721. రిటైరై అయిదేళ్ళకే మోకాళ్ళు పట్టుకొని కూర్చున్న నాకు ఆ ముసలాయన అంటే భలే గౌరవం.

అసలు పుట్టుకే చెప్పని సంఖ్యలు ఇంకో రకం. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను ఇష్టమొచ్చినట్టు ఏరి, గుణించి, లబ్ధం మాత్రం ఇస్తే దానిలో పట్టుకోవడానికి కొస దొరకదు. ఇంటర్నెట్‌లో వాడే తాళాల్లో ఒక రకం దీని మీదే నడుస్తది. వాటిలో సాధారణంగా వాడేది 617 అంకెల సంఖ్య. 2020లో కంప్యూటర్ల గుంపులు పెట్టి 250 అంకెల దాన్ని విడగొట్టగలిగిండ్రు, అంతే. ఇక్కడ ఒక తేడా పిల్లలకు చెప్పు. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడం వేరు, కాకపోతే దాని కారణాంకాలు బయటికి తీయడం వేరు. మొదటిది ఎంత పెద్ద సంఖ్యకైనా లెక్క అదుపు తప్పకుండా చేయొచ్చని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన దగ్గరి కుర్రవాళ్ళు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించిండ్రు. రెండోదానికి, మామూలు కంప్యూటర్ల మీద, అట్లాంటి దారి ఇంకా ఎవ్వరికీ దొరకలేదు.

రేపు క్లాసులో ఒక పని చెయ్యి. బోర్డు మీద పన్నెండు ఒకట్లు రాయి: 111111111111. ఏమీ చెప్పకు. 3, 7, 11, 13, 37 వాళ్ళే తీస్తరు, ఆరు ఒకట్లు రెండుసార్లు కనబడుతున్నయని ఎవరో ఒకరు అంటరు. అప్పుడు 1000001 మిగులుతది, అక్కడ అందరూ ఆగుతరు. 100 ఘనానికి ఒకటి కలిపితే వచ్చిందని తొమ్మిదో తరగతి పిల్లలు గుర్తుపడితే 101, 9901 బయటికొస్తయి. 9901 ఇంకా విడిపోతదా సార్ అని అడిగి, నీ జవాబు కోసం ఆగకుండా నోట్‌బుక్ తీసే పిల్ల ఎవరన్నా ఉంటే నాకు చెప్పు. నూట పదహార్లు నేను పంపిస్త.